అవధానం – అవగాహన

అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధానిని పరీక్షిస్తారు. వారిలో అప్రస్తుత ప్రసంగి పని ఏకాగ్రతను చెదరగొట్టడమే. అవధాని అతనికి చమత్కారంగా బదులు చెప్పి, విడిచిన పద్యపాదాన్ని మళ్లీ అందుకొంటాడు. అందరి మనస్సులూ ఈ విధంగా పనిచేయవు. కొందరు పిల్లలకు కిటికీ బయటి పిచ్చుక, పక్కవాడి పెన్సిలు చప్పుడు, నిన్నటి ఆట – ప్రతిదీ అప్రస్తుత ప్రసంగమే. విడిచిన పనిని తిరిగి అందుకోవడం వారికి కష్టం. దీనినే అవధాన లోపం, అతిచురుకుదనం అంటారు. వైద్యులు వాడే సంక్షిప్త నామం ఏడీహెచ్‌డీ.

ఆటిజం స్వభావం వేరు. 1943లో బాల్టిమోర్ నగరానికి చెందిన లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించాడు. ఎదుటివారి ముఖకవళికలను, స్వరభేదాలను, మాటల వెనుక ఉన్న సూచనలను గ్రహించడంలో ఈ పిల్లలు భిన్నంగా ఉంటారు. చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయడం, దినచర్య మారితే కలత చెందడం, కొన్ని శబ్దాలను, స్పర్శలను భరించలేకపోవడం వీరిలో కనిపించే లక్షణాలు.

బయటికి రెండూ ఒకేలా కనిపించవచ్చు. పిలిచినా పలకని పిల్లల్లో ఒకరి మనస్సు మరొక దానిపైకి మళ్లి ఉండవచ్చు. మరొకరికి ఆ పిలుపు బదులు కోరుతున్నదన్న స్ఫురణ కలిగి ఉండకపోవచ్చు. ఇతరుల మాటకు అడ్డు వచ్చేవారిలో ఒకరికి నియమం తెలుసు, ఆగడం చేతకాదు. మరొకరికి తన వంతు ఎప్పుడు వస్తుందో తెలియదు. తరగతి నుండి లేచిపోయేవారిలో ఒకరిని కుదురులేనితనం లేపుతుంది, మరొకరిని భరింపరాని శబ్దం తరుముతుంది. కనుక పనిని కాక, దాని కారణాన్ని చూడాలి.

ఈ నిర్ణయం ఏ రక్తపరీక్షతోనూ తేలదు. నిపుణులు ముందుగా వినికిడి లోపం లేదని నిర్ధారించుకొంటారు. శైశవం నుండి జరిగిన ఎదుగుదలను తల్లిదండ్రులను అడిగి తెలుసుకొంటారు. ఇంటిలోను, పాఠశాలలోను ప్రవర్తన ఎలా ఉన్నదో విచారిస్తారు. ఒకే వ్యక్తిలో రెండూ కలిసి ఉండవచ్చు కూడా. అమెరికా మనోవైద్యుల సంఘం 1994లో ప్రకటించిన నిర్ధారణ గ్రంథం రెండింటినీ కలిపి నిర్ధారించడానికి అంగీకరించలేదు. 2013 నాటి అయిదవ కూర్పు అందుకు అనుమతించింది.

ఈ వివేచన పేర్ల కోసం కాదు, సాయం కోసం. అవధాన లోపాన్ని తగ్గించే మందులు ఉన్నాయి. ఆటిజం మూల లక్షణాలను తొలగించే మందు లేదు. అక్కడ భావ వ్యక్తీకరణలో శిక్షణ, ముందుగా తెలిపిన దినచర్య, అనుకూలమైన పరిసరాలు తోడ్పడతాయి. కారణం తెలియనప్పుడు లోకం ఆ పిల్లలకు మొండి, సోమరి, పొగరుబోతు అన్న పేర్లు పెడుతుంది. దండన వారి లక్షణాన్ని మార్చదు, ఆత్మవిశ్వాసాన్ని మాత్రం హరిస్తుంది. తోటి విద్యార్థి తీరు వింతగా తోచినప్పుడు నవ్వే ముందు కారణాన్ని ఆలోచించడమే నిజమైన అవధానం.