అప్‌డేట్ అయ్యాక ఇంటి కంప్యూటర్‌లో చూసుకోవాల్సిన ఆరు సంగతులు

తల్లిదండ్రుల కంప్యూటర్ పాఠం



మొన్నామధ్య ఒక సాయంత్రం పదో తరగతి అమ్మాయి తండ్రిగారు ల్యాప్‌టాప్ పట్టుకుని మా కంప్యూటర్ ల్యాబ్‌కు వచ్చారు. వాళ్లది శామీర్‌పేట వైపు. రాత్రి అప్‌డేట్ అయింది, పొద్దున ఆన్ చేస్తే నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతోంది. మర్నాడే పాప ప్రాజెక్టు ఇవ్వాలి. ఆయన జీఎస్టీ బిల్లులు, నాయనమ్మ ఫొటోలు అన్నీ అందులోనే ఉన్నాయి. రిపేర్ షాపులో చూపిస్తే, “వైరస్ సార్, ఫార్మాట్ కొట్టేద్దాం” అన్నారట.

అది వైరస్ కాదు. ఫార్మాట్ చేసి ఉంటే అన్నీ పోయేవి. ఆ ల్యాప్‌టాప్ కొన్న రోజున పాప వాళ్ల అన్నయ్య తన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేశాడు. కీ ఆ అకౌంట్‌లో భద్రంగా ఉంది. బెంగళూరులో ఉన్న అబ్బాయికి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో చదివి వినిపించాడు. కంప్యూటర్ తెరుచుకుంది. ఆ కీ ముందే ఒక నోట్‌బుక్‌లో రాసి ఉంటే ఆ రోజంతా కంగారు పడే పనే ఉండేది కాదు. అందుకే ఈ నెల పాఠం ఇది.

అప్‌డేట్ ఎందుకు ఆపకూడదు?

“అప్‌డేట్ చేస్తే స్లో అవుతుంది, ఆపేశాం” అని చాలామంది పేరెంట్స్ చెబుతుంటారు. 2017లో ఏం జరిగిందో చూడండి. విండోస్‌లోని ఒక లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చి 14న ప్యాచ్ విడుదల చేసింది. మే 12న వనాక్రై అనే వైరస్ సరిగ్గా ఆ లోపం గుండానే ప్రపంచమంతా పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. మందు వచ్చిన రెండు నెలలకు వచ్చిన జబ్బు అది. ప్యాచ్ వేసుకున్న కంప్యూటర్లకు ఆ దారి మూసుకుపోయింది.

అప్‌డేట్ కూడా ఒక్కోసారి తేడా చేస్తుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన లోపమున్న అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు ఆగిపోయాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. తాళం వేసి ఉన్న కంప్యూటర్లను మళ్లీ లేపడానికి అప్పుడూ రికవరీ కీలే కావలసి వచ్చాయి.

కాబట్టి అప్‌డేట్ ఆపవద్దు. అయ్యాక మాత్రం ఒక ఇరవై నిమిషాలు కూర్చుని ఈ ఆరు సంగతులు చూసుకోండి.

1. అప్‌డేట్ పూర్తయిందా?

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి “చెక్ ఫర్ అప్‌డేట్స్” నొక్కండి. రీస్టార్ట్ అడిగితే చేయండి. మధ్యలో కరెంటు పోతే ఇబ్బంది కనుక ల్యాప్‌టాప్‌కు ఛార్జర్, డెస్క్‌టాప్‌కు యూపీఎస్ ఉండాలి. ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపే ఇళ్లలో “మీటర్డ్ కనెక్షన్” ఆన్‌లో ఉంటే డేటా ఆదా కోసం కొన్ని అప్‌డేట్లు దిగవు. నెలకోసారి వైఫై ఉన్న చోట దించుకోండి.

విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగాయి. అదనపు భద్రతా పథకంలో నమోదైన ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు గడువు ఉంది. మీది విండోస్ 11కి మారగలదో లేదో ఇప్పుడే చూసుకోండి.

2. కాపలా మేలుకునే ఉందా?

స్టార్ట్‌లో “విండోస్ సెక్యూరిటీ” అని టైప్ చేసి తెరవండి. వైరస్ ప్రొటెక్షన్, ఫైర్‌వాల్ రెండింటి పక్కన ఆకుపచ్చ టిక్ ఉండాలి. “రియల్ టైమ్ ప్రొటెక్షన్” ఆన్‌లో ఉండాలి. గేమ్ ఆడటానికి పిల్లలు దాన్ని ఆపి ఉండవచ్చు. గడువు తీరిన ట్రయల్ యాంటీవైరస్ ఉంటే తీసేయండి. విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఉచితం.

3. రికవరీ కీ ఎక్కడుంది?

“ప్రైవసీ అండ్ సెక్యూరిటీ”లో “డివైస్ ఎన్‌క్రిప్షన్” చూడండి. ఆన్‌లో ఉంటే మంచిదే. ల్యాప్‌టాప్ దొంగ చేతిలో పడినా ఫైళ్లు చదవలేడు. కానీ కీ లేకపోతే మీరూ చదవలేరు. పోయిన కీని మైక్రోసాఫ్ట్ వాళ్లు కూడా తిరిగి తయారు చేసి ఇవ్వలేరు. సెటప్ చేసినవారి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్లి 48 అంకెలు, పక్కనున్న కీ ఐడీ కాగితం మీద రాసి, ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టండి. ల్యాప్‌టాప్ బ్యాగులో మాత్రం పెట్టవద్దు.

4. పిల్లలది ఏ అకౌంట్?

ఇంట్లో అందరూ ఒకే అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ వాడుతుంటే, ఇంటి తాళాల గుత్తి పిల్లల చేతికి ఇచ్చినట్టే. సెట్టింగ్స్‌లోని “అకౌంట్స్”లో పిల్లలకు “స్టాండర్డ్” అకౌంట్ పెట్టండి. అప్పుడు వాళ్లు దించుకున్న గేమ్ సిస్టమ్‌లో మార్పులు చేయాలంటే మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. పిల్లల మీద నమ్మకం లేక కాదు, ఒక్క తప్పు క్లిక్ ఇంటిల్లిపాదికీ నష్టం చేయకూడదని.

5. కెమెరా, మైక్ ఎవరు వాడుతున్నారు?

“ప్రైవసీ అండ్ సెక్యూరిటీ”లోనే కెమెరా, మైక్రోఫోన్, లొకేషన్ జాబితాలు ఉంటాయి. ఆన్‌లైన్ క్లాసుల యాప్‌కు కెమెరా కావాలి. పజిల్ గేమ్‌కు ఎందుకు? కారణం తోచనివన్నీ ఆఫ్ చేయండి. అవసరమైతే మళ్లీ ఆన్ చేసుకోవచ్చు.

6. ఇంకో కాపీ ఉందా?

ముఖ్యమైన ఫైళ్లను నెలకోసారి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసి, డిస్క్‌ను తీసి పక్కన పెట్టండి. కంప్యూటర్‌కే తగిలించి ఉంచితే ఫైళ్లకు తాళం వేసే వైరస్ దానికీ వేస్తుంది.

నకిలీ హెచ్చరికలతో జాగ్రత్త

అప్‌డేట్ల పేరుతో మోసాలూ ఉన్నాయి. ఏదో సైట్ చూస్తుండగా తెర నిండా “మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి” అని, పెద్ద మోతతో వస్తుంది. మైక్రోసాఫ్ట్ అసలు హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదు. ఫోన్ చేయకండి. వాళ్లు చెప్పిన యాప్ వేసుకుంటే కంప్యూటర్ వాళ్ల చేతికి వెళుతుంది. ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కి బ్రౌజర్ మూసేయండి. అదీ కాకపోతే కంప్యూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి.

డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.

చివరగా ఒక మాట. ఇలాంటి తెర కనబడితే చాలామంది పిల్లలు తిడతారన్న భయంతో ఇంట్లో దాచేస్తారు. “ఏం నొక్కినా సరే, ముందు నాకు చెప్పు. కోప్పడను” అని ఈ రోజే మీ పాపకో బాబుకో చెప్పండి. ఆ ఒక్క మాట ఏ సెట్టింగ్‌కూ తీసిపోదు.

ఈ నెల ఇంటి పని (తల్లిదండ్రులకు!): ఈ ఆదివారం మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని ఆరు సంగతులూ చూడండి. మౌస్ వాళ్ల చేతికి ఇవ్వండి, జాబితా మీరు చదవండి. పూర్తయినవాటికి టిక్ పెట్టి, మూడో సంగతిని మాత్రం మీ చేతి రాతతో రాసి దాచండి. సందేహాలుంటే వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్ రోజున కంప్యూటర్ ల్యాబ్‌లో మమ్మల్ని కలవండి. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నా సంతోషమే.