ప్రాసెసరు వెల – పనితనం : ఒక పరిశీలన

"ఇంటెల్ మంచిదా, ఏఎండీ మంచిదా సార్?" అని ప్రతి సంవత్సరం కనీసం పదిమంది విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. ఒక్క మాటలో జవాబు చెప్పమంటే చెప్పలేను. చెప్పేవాళ్ళు లేకపోలేదు గాని వాళ్ళను నమ్మవద్దని నా మనవి. ఈ ప్రశ్నలో రెండు అంకెలు దాగి ఉన్నాయి. ఒకటి వెల, రెండవది పనితనం. వెల బిల్లులో కనిపిస్తుంది. పనితనం పెట్టె మీద రాసి ఉండదు, మనమే కొలుచుకోవాలి. డెస్క్‌టాప్ కొనదలచిన విద్యార్థి మిత్రులకు ఆ కొలత తెలియజేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండేది గిగాహెర్ట్జ్. ఇది వేగం కాదు, అడుగుల లెక్క మాత్రమే. అలిపిరి నుంచి కొండకు సుమారు 3,550 మెట్లు. ఒకడు నిమిషానికి అరవై అడుగులు వేస్తాడు, అడుగుకు ఒక్క మెట్టే ఎక్కుతాడు. ఇంకొకడు నిమిషానికి నలభై అడుగులే వేస్తాడు గాని అడుగుకు రెండు మెట్లు దాటుతాడు. ముందు ఎవడు చేరతాడో చెప్పనక్కరలేదు. అడుగుల సంఖ్య గడియారపు వేగమైతే, అడుగుకు ఎన్ని మెట్లు అనేది ఒక టిక్కుకు పూర్తయ్యే ఆదేశాల సంఖ్య. పనితనం ఈ రెండింటి గుణకారం. 2000 నవంబరులో ఇంటెల్ విడుదల చేసిన పెంటియం 4 సరిగ్గా మొదటి మనిషి లాంటిది. పనిని 20 దశలుగా తరిగి గడియారాన్ని 1.5 గిగాహెర్ట్జ్‌కు ఎక్కించారు. అయినా అనేక పరీక్షల్లో 1.2 గిగాహెర్ట్జ్ అథ్లాన్ దానిని దాటిపోయింది. జనం మాత్రం పెద్ద అంకెనే చూస్తారు గదా! అందుకని ఏఎండీ 2001లో గిగాహెర్ట్జ్ ప్రచారం తగ్గించి, 1.53 గిగాహెర్ట్జ్ చిప్‌కు 'అథ్లాన్ ఎక్స్‌పీ 1800+' అని పేరు పెట్టింది. చివరకు ఇంటెల్ కూడా ఆ దారి వదలి 2006లో కోర్ 2 డుయో తెచ్చింది. తక్కువ గడియారంతోనే అది తన అన్న పెంటియం 4ను ఓడించింది.

తరువాతి మాయ కోర్ల సంఖ్య. ఎనిమిది కోర్లుంటే నాలుగు కోర్లకంటే రెట్టింపు వేగమని అనుకుంటాం. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్ట్‌మెంట్లు ఎన్ని పెంచినా, అందరూ బంగారు వాకిలి ముందుకు వరుసలో రావలసిందే గదా. ప్రోగ్రాములలో కూడా అటువంటి వాకిలి ఒకటి ఉంటుంది. ఈ సంగతిని 1967లో జీన్ ఆమ్డాల్ లెక్కకట్టి చూపించాడు. ఒక కోరు మీద వంద సెకండ్లు పట్టే పని తీసుకుందాం. అందులో 40 సెకండ్ల పని వరుసగానే జరగాలి, మిగతా 60 పంచుకోవచ్చు. నాలుగు కోర్లకు 40+15, అంటే 55 సెకండ్లు. ఎనిమిదికి 47.5. పదహారుకు 43.75. నాలుగు నుంచి పదహారుకు పోతే మిగిలేది పదకొండు సెకండ్లు. వీడియో మార్పిడి వంటి పనుల్లో వాకిలి వెడల్పుగా ఉంటుంది, అక్కడ కోర్లకు పెట్టిన డబ్బు దక్కుతుంది. మన పని ఏ రకమో తెలియకుండా పదహారు కోర్లు కొనడం సరదాకే.

ఇక వెల. ఇది చిప్ తయారీ ఖర్చును బట్టి మాత్రమే నిర్ణయమవుతుందని అనుకోకండి, ఎదుటివాడు ఉన్నాడా లేడా అన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. తన పీసీకి ఒక్క కంపెనీ మీదే ఆధారపడడం ఐబీఎంకు ఇష్టం లేకపోయింది. ఆ కారణంగానే 1982లో ఇంటెల్ తన నమూనాలను ఏఎండీ కూడా తయారు చేసేందుకు ఒప్పందం చేసుకుంది. 1985లో 386 వచ్చినప్పుడు ఇంటెల్ దానిని ఇవ్వనన్నది. గొడవ చాలా ఏళ్ళు నడిచింది. 1991లో ఏఎండీ సొంతంగా ఏఎం386 తెచ్చింది. చదువుకున్నవాళ్ళు అటూ ఇటూ మారుతూనే ఉన్నారు. పెంటియం రూపకల్పనలో ముఖ్యుడైన వినోద్ ధామ్ తరువాత ఏఎండీ కే6 మీద పనిచేశారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివిన మన రాజా కోడూరి ఏఎండీ గ్రాఫిక్స్ విభాగానికి నాయకత్వం వహించి 2017లో ఇంటెల్‌కు వెళ్ళారు, 2023 దాకా అక్కడున్నారు. చిప్ గుణం మనుషుల్లో ఉంది గాని బోర్డులో లేదని నేననేది అందుకే.

అదే 2017 మార్చిలో రైజన్ వచ్చింది. ఎనిమిది కోర్ల రైజన్ 7 1800ఎక్స్ వెల 499 డాలర్లు. ఇంటెల్ ఎనిమిది కోర్ల చిప్‌కు అప్పుడు వెయ్యి డాలర్లు దాటి ఇవ్వాలి. ఏళ్ళ తరబడి సాధారణ డెస్క్‌టాప్‌కు నాలుగు కోర్లు చాలన్న ఇంటెల్, ఆ సంవత్సరం అక్టోబరుకే ఆరు ఇచ్చింది. అయితే ఏఎండీ ధర్మసత్రమేమీ కాదు. 2019లో ఆరు కోర్ల రైజన్ 5 3600ను 199 డాలర్లకు అమ్మింది. 2020 నవంబరులో తనదే పైచేయి అయ్యేసరికి ఆరు కోర్ల 5600ఎక్స్ వెల 299! కంపెనీ మీద అభిమానం పెంచుకోవడంలో మనకు దక్కేదేమీ లేదు.

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ కుర్రవాడొకడు ఒక కొటేషన్ పట్టుకొని నా గదికి వచ్చాడు. "మా నాయన చెనిక్కాయలు అమ్మి యాభై వేలిచ్చినాడు సార్. ఇంకో వెయ్యి అప్పు చేసైనా ఇదే తీసుకుంటా" అన్నాడు. చిప్‌ల పేర్లు వదిలేసి, గుండ్రటి అంకెలతో చెబుతాను. 'అ' చిప్ పదివేలు, దాని మార్కులు 100. 'ఆ' చిప్ పదహారు వేలు, మార్కులు 130. వెయ్యి రూపాయలకు 'అ'కు పది మార్కులు, 'ఆ'కు ఎనిమిది పైచిలుకు. 'అ' గెలిచింది. కాని చిప్ ఒక్కటే ఇంటికి తీసుకుపోలేం గదా! మిగతా సామాను ముప్పైవేలు కలిపితే 'అ' నలభై వేలకు వెయ్యికి 2.5 మార్కులు, 'ఆ' నలభై ఆరు వేలకు 2.83. ఇప్పుడు 'ఆ' గెలిచింది! ఆ కుర్రవాడు ఇక్కడే ఆగిపోయాడు. ఆ చిప్‌కు బోర్డు, కూలరు అయిదువేలు ఎక్కువ. యాభై ఒక్క వేలకు లెక్కిస్తే 2.55. అంటే దాదాపు సమానం.

సమానమైనప్పుడు తేల్చవలసింది అతని పని. అతని ప్రోగ్రామునే మా ల్యాబులో రెండు యంత్రాల మీద నడిపి గడియారం చూశాం. పాత దానిమీద తొమ్మిది నిమిషాలు, కొత్త దానిమీద ఎనిమిది. పాతదానిలో మరో 8 జీబీ మెమరీ కర్ర పెట్టగానే నాలుగు నిమిషాలకు దిగింది. ఆలస్యం చిప్‌ది కాదు, మెమరీ నిండిపోయి డిస్కు మీదికి పోతున్నది. కొటేషన్‌లో ఉన్నది ఒక్క కర్రే. 'అ' చిప్, రెండు కర్రలుగా 16 జీబీ, ఒక యూపీఎస్, అన్నీ కలిపి నలభై ఎనిమిది వేలకు వచ్చాయి. అప్పు తప్పింది.

పత్రికల్లో వచ్చే మార్కుల పట్టికలు చూసేటప్పుడు సగటు ఏ రకందో చూడండి. ఒక పరీక్షలో 'అ' రెట్టింపు వేగం, మరొకదానిలో సగం అనుకుందాం. నిష్పత్తులు 2, 0.5, అంకగణిత సగటు 1.25. 'అ' 25 శాతం మెరుగన్నమాట. 'ఆ'ను పైన పెట్టి భాగిస్తే అదికూడా 25 శాతం మెరుగే! గుణోత్తర సగటు తీస్తే ఒకటి వస్తుంది, అదే న్యాయం. మన స్టాటిస్టిక్స్ వాళ్ళకు ఇది కొత్తకాదు గాని అంగట్లో మరచిపోతారు.

తిరుపతి ఎండల సంగతి ఈ పట్టికల్లో ఉండదు. వాళ్ళ ప్రయోగశాలలు చల్లగా ఉంటాయి, మన హాస్టల్ గది మే నెలలో నలభై డిగ్రీలు దాటుతుంది. వేడెక్కిన చిప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, కొన్న మార్కులు గాలికి పోతాయి. పెట్టె మీద 65 వాట్లని ఇద్దరూ రాస్తారు. ఇంటెల్ ఐ5 13400 అవసరం పడితే 148 దాకా పోవచ్చు, ఏఎండీ 7700 పరిమితి 88. వంద వాట్లు అదనంగా రోజుకు ఆరు గంటలు, ఏటా 300 రోజులు వాడితే 180 యూనిట్లు. యూనిట్ ఏడు రూపాయలనుకుంటే సంవత్సరానికి 1,260.

కొనడానికి మనవాళ్ళు చెన్నై రిచీ స్ట్రీట్‌కో బెంగుళూరు ఎస్పీ రోడ్డుకో పోతారు. పోయేముందు పేరు చివరి అక్షరం చూసుకోండి. ఇంటెల్‌లో 'ఎఫ్' ఉంటే చిప్‌లో గ్రాఫిక్స్ లేదని అర్థం, వెల తక్కువని మురిసిపోతే తెర వెలగదు. రైజన్ 5000 వరసలో దీనికి తిరగేసి, 'జీ' ఉంటేనే గ్రాఫిక్స్. బోర్డు సాకెట్ పేరు సరిపోయినంత మాత్రాన చాలదు. 2017లో ఇంటెల్ ఎనిమిదవ తరం చిప్‌లు, సాకెట్ అదే 1151 అయినా పాత బోర్డుల్లో పనిచేయలేదు. అదే ఏడాది ఏఎం4 బోర్డు కొన్నవాళ్ళలో చాలామంది 2022లో బయాస్ మార్చుకొని రైజన్ 5000 పెట్టుకోగలిగారు. మూడు నాలుగేళ్ళ తరువాత చిప్ మార్చుకునే ఆలోచన ఉంటే ఈ తేడా వేల రూపాయలు. పెట్టె సీలు, దానిమీది సీరియల్ నంబరు, బిల్లు మీది నంబరు అంగట్లోనే సరిచూసుకోండి. తిరిగి పోవాలంటే రానుపోను ఒక రోజు, రైలు చార్జీ మీదే.