విడిపోయినవారి పరువు కూడా అమానతే

బ్రిటన్‌లో 2014లో మొదలైన ‘ఎక్స్ ఆన్ ది బీచ్’ అనే టీవీ కార్యక్రమంలో, కొత్త తోడును వెతుక్కునే ఒంటరివారి ముందుకు వారి పాత ప్రియులను తెచ్చి నిలబెట్టేవారు. మన దేశంలో ఎంటీవీ ‘స్ప్లిట్స్‌విల్లా’ కూడా 2024 సీజన్‌లో మాజీలను ఆటలోకి దింపింది. పాతవారికి కొత్తవారిని పరిచయం చేయడం, అప్పుడు వచ్చే కన్నీరును, కోపాన్ని కెమెరాతో పట్టడం: వినోదమంతా అదే.

నికాహ్ లేని స్నేహాలు ధర్మసమ్మతం కావని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. కనుక ఆ విషయాన్ని ఇక్కడ విస్తరించము. మేము చెప్పదలచినది వేరు. సత్యవేడు వంటి ఊళ్ళలో బంధువుల మధ్యనే సంబంధాలు కలుస్తాయి. తలాఖ్ లేక ఖులా తరువాత ఇద్దరూ వేరే నికాహ్ చేసుకున్నా, ఏదో ఒక పెళ్ళిలో ఎదురుపడక తప్పదు. అప్పుడు ఎలా మసలుకోవాలి?

హజ్రత్ జైద్ (రజి) ఆదర్శం

హజ్రత్ జైద్ (రజి), హజ్రత్ జైనబ్ (రజి) దంపతులు విడిపోయారు. ఇద్దత్ పూర్తయ్యాక దైవప్రవక్త (స) తమ నికాహ్ సందేశాన్ని ఆమెకు అందజేయమని పంపినది ఎవరినో కాదు, జైద్ (రజి) నే! ఆయన వెళ్ళేసరికి ఆమె పిండి కలుపుతున్నారు. ఆమె పట్ల గౌరవం మనసులో నిండి, కన్నెత్తి చూడలేక, వీపు తిప్పి నిలబడి ఆయన సందేశం వినిపించారు. తన ప్రభువును సంప్రదించనిదే ఏమీ చేయనని ఆమె నమాజుకు నిలబడ్డారు. సహీహ్ ముస్లింలోని ఈ ఉల్లేఖనాన్ని గమనించండి. నిందలు లేవు, పాత లెక్కలు లేవు. నిన్నటి భర్త నేడు గైర్ మహ్రమ్ అన్న స్పృహ ఉంది, ఆమె నిర్ణయం ఆమెదే అన్న మర్యాద ఉంది.

దివ్య ఖుర్ఆన్ బఖరా సూరా 229వ ఆయతులో, విడిచిపెట్టేటప్పుడు కూడా మంచితనంతో విడిచిపెట్టమని ఆదేశం ఉంది. 237వ ఆయతు పరస్పర ఔదార్యాన్ని మరచిపోవద్దని హెచ్చరిస్తుంది. పడకగది రహస్యాన్ని బయటపెట్టేవాడు ప్రళయదినాన అత్యంత నీచుల్లో ఒకడని హదీసు. నికాహ్ తెగినంత మాత్రాన ఆ అమానత్ తెగిపోదు.

ఆచరణలో

1. కొత్త భార్య ముందు పాత భార్యను, కొత్త భర్త ముందు పాత భర్తను చులకన చేయడం గీబత్. కొత్తగా వచ్చినవారు కూడా గతాన్ని తవ్వకూడదు.

2. పాతవారు చూసి కుమిలిపోవాలని కొత్త జంట ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం టీవీ ఆటకు చిన్న నకలే.

3. బిడ్డల ముందు వారి అబ్బాను గానీ, అమ్మీని గానీ తూలనాడకండి. పిల్లల కోసం మాట్లాడవలసి వస్తే, అవసరమైనంత, పర్దా హద్దుల్లో మాట్లాడండి.

4. మౌనం అన్నిచోట్లా మంచిది కాదు. తలాఖ్ పొందిన హజ్రత్ ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన సంబంధాల గురించి అడిగితే, ఒకరు పేదవారని, మరొకరు కఠినులని దైవప్రవక్త (స) దాచకుండా చెప్పారు. కనుక సంబంధం కోసం విచారించేవారికి అవసరమైన నిజం చెప్పాలి. కొట్టినవాడి మీద పెద్దలకు, ఖాజీకి, కోర్టుకు ఫిర్యాదు చేయడం గీబత్ కాదు. పరువు పేరుతో ఆ స్త్రీ నోరు నొక్కడమే అన్యాయం.

సోదరులారా! తలాఖ్ పొందిన స్త్రీ మళ్ళీ నికాహ్ చేసుకుంటే మొహల్లా అంతా ఆమె గతాన్ని నెమరువేస్తుంది. ఆ షోలలో కెమెరా చేసే పనిని ఇక్కడ మన నాలుకలు చేస్తున్నాయి. టీవీ కట్టేయడం తేలిక, నాలుకను కట్టుకోవడమే కష్టం. అల్లాహ్ మనందరికీ ఆ భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.