సానరాయికీ సాన

పనిముట్లకు పదును పెట్టే రాయిని సానరాయి అంటారు. విద్య మనిషిని సానపెడుతుందని, కష్టం బుద్ధిని సానపెడుతుందని మనం తరచుగా వింటాం. ఈ పోలికలన్నిటిలోనూ మన చూపు కత్తి మీదనే ఉంటుంది. రాయి సంగతి ఎవరికీ పట్టదు. కాని కత్తి అరిగినట్లే రాయి కూడా అరుగుతుంది. అరిగిన రాయిని సరిచేసేది ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానం నాకు బాల్యంలోనే చిలకలపూడిలో లభించింది.

మచిలీపట్నాన్ని ఆనుకొని ఉన్న చిలకలపూడి పేరు చెప్పగానే రోల్డుగోల్డు నగలు, పాండురంగస్వామి ఆలయం జ్ఞాపకం వస్తాయి. 1980 ప్రాంతంలో ఒకనాడు అక్కడ మా చెల్లెలికి పుట్టువెంట్రుకలు తీయించడానికి ముహూర్తం పెట్టారు. క్షురకవృత్తిలో తలపండిన ఒక తాత తన పొది విప్పి, మంగలికత్తిని రాతిమీద రెండుసార్లు రుద్ది ఆగిపోయాడు.

"రాయి గుంట పడింది బాబుగారూ! నిన్ననే చూసుకోవలసింది, పొరపాటు నాదే. కాస్త ఓపిక పట్టండి" అన్నాడు మా నాన్నగారితో.

ముహూర్తం దాటిపోతుందని పెద్దలు తొందరపెట్టారు.

"ముహూర్తం మళ్ళీ పెట్టుకోవచ్చునయ్యా! పసిదాని మాడు మెత్తన" అని ఆయన కత్తిని పక్కన పెట్టేశాడు.

ఆ గుంట అంత ప్రమాదకరమా? మంగలికత్తిని నూరేటప్పుడు దాని వెన్ను, వాదర రెండూ ఒకేసారి రాతిని తాకాలి. అప్పుడే కోణం మారకుండా పదును కుదురుతుంది. వంటింటి కత్తికి ఈ నియమం లేదు. దాని కోణాన్ని చేయి నిర్ణయిస్తుంది. నూరేటప్పుడు ఒత్తిడి ఎక్కువగా రాయి నడుమనే పడుతుంది కనుక నడిమి భాగం ముందుగా అరిగి పల్లమవుతుంది. అటువంటి రాతిమీద పెట్టిన కత్తి రెండు అంచులపైన నిలుస్తుందే కాని, వాదర మధ్యభాగం రాతిని తాకదు. అక్కడ పదును రాదు. పదును లేని కత్తి వెంట్రుకను కోయక లాగుతుంది. లాగుతున్నకొద్దీ చేయి బలం పెంచుతుంది; చర్మం తెగుతుంది.

తాత రాతిమీద బొగ్గుతో అడ్డంగా, నిలువుగా గీతలు గీశాడు. చదునైన నాపరాతి పలకమీద సన్నని ఇసుక, నీళ్ళు చల్లి, సానరాతిని దానిమీద బోర్లించి రుద్దసాగాడు. అంచులలోని గీతలు ముందుగా చెరిగిపోయాయి. నడుమ గీతలు మాత్రం నిలిచాయి. అవి నిలిచినంతసేపూ పల్లం ఉన్నట్లే. చివరి గీత కూడా మాసిన తరువాతనే ఆయన రాతిని కడిగి కత్తిని నూరాడు, తోలుపట్టీ మీద సవరించాడు. చెల్లెలు ఏడ్చింది, కాని ఒక్క నెత్తుటిచుక్క కూడా రాలలేదు. ముహూర్తం దాటిందో లేదో ఎవరూ అడగలేదు.

ఈ శ్రద్ధ మనకు కొత్తది కాదు. శస్త్రాలను నూరడానికి మినుముల వన్నె గల నున్నని రాయిని, ధారను నిలపడానికి బూరుగుచెక్కను సుశ్రుతసంహిత విధించింది. వెంట్రుకను కోయగల శస్త్రాన్నే చికిత్సకు వాడాలని హెచ్చరించింది. వరి మాగాణుల్లో రెండవ పంటగా మినుము పండించే దివిసీమవారికి ఆ వన్నె ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అయితే ఒండ్రునేల అయిన కృష్ణా డెల్టాలో అటువంటి రాయి దొరకదు, బయటినుండి తెచ్చుకోవలసిందే. కనుక ఉన్న రాతిని కాపాడుకోవడం ఇక్కడి పనివారికి మరింత అవసరమైంది.

మరి, రాతిని సరిచేసే పలక చదునుగా ఉందని ఎలా తెలుస్తుంది? రెండు పలకలను ఒకదానిపై ఒకటి రుద్దితే, ఒకటి గుంటపడి, రెండవది ఉబ్బి, రెండూ చక్కగా అతుక్కోవచ్చు. అతుక్కున్నంత మాత్రాన అవి చదునైనవని కాదు. మూడవ పలకను తెచ్చి, జతలు మార్చి చూస్తేనే లోపం బయటపడుతుంది. మూడు లోహఫలకాలను ఈ విధంగా పోల్చి సరిచేసే పద్ధతిని ఆంగ్ల యంత్రనిపుణుడు జోసెఫ్ విట్‌వర్త్ 1840లో గ్లాస్గోలోని శాస్త్రజ్ఞుల సభలో వివరించాడు. యంత్రభాగాలను కచ్చితంగా తయారుచేయడానికి అది పునాది అయింది.

నేడు క్షౌరశాలల్లో ఒక్కొక్కరికి ఒక కొత్త బ్లేడు వాడుతున్నారు. ఆరోగ్యరీత్యా అది మేలైన మార్పు. పాత కత్తులను ఇష్టంగా వాడేవారు, వడ్రంగులు మాత్రం ఇప్పటికీ సానరాళ్ళను చదును చేసుకుంటూనే ఉన్నారు. బొగ్గుకు బదులు పెన్సిలు, నాపరాతికి బదులు మందపాటి గాజుపలకపై పరచిన గరుకు కాగితం వచ్చాయి. చివరి గీత మాసేవరకు రుద్దాలన్న నియమం మాత్రం మారలేదు. గుంట లోతయ్యేదాకా ఆగక, అప్పుడప్పుడు కొద్దికొద్దిగా సరిచేసుకోవడం ఉత్తమం.

ఇతరులకు పదును పెట్టేవారు తాము అరుగుతున్న సంగతి గమనించుకోవాలి. ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్న నేను, విద్యార్థి ప్రశ్నకు విసుక్కున్న ప్రతిసారీ ఆ తాతను తలచుకుంటాను. పదిమంది ఎదుట "పొరపాటు నాదే" అని, కత్తిని పక్కన పెట్టిన ఆ చేయి నాకు కనిపిస్తుంది.

అర్థాలు
వాదర : కత్తి అంచు
పొది : క్షురకుని పనిముట్ల సంచి
మాడు : నడినెత్తి
వన్నె : రంగు

ప్రశ్నలు
1. గుంటపడిన రాయి మంగలికత్తికి ఏ విధంగా హాని చేస్తుంది?
2. బొగ్గు గీతల వల్ల తాతకు ఏమి తెలిసింది?
3. "అతుక్కున్నంత మాత్రాన అవి చదునైనవని కాదు" – సందర్భాన్ని తెలిపి వివరించండి.
4. మీ ప్రాంతంలోని ఒక వృత్తిపనివారు తమ పనిముట్లను ఎలా కాపాడుకుంటారో అడిగి తెలుసుకొని పది వాక్యాలలో రాయండి.