తెరమీద రంగులు, చదివే హక్కు

మా వెబ్‌సైట్ రంగులు మా ఇష్టం. ఇందులో చట్టానికేం పని?

రంగు మీ ఇష్టమే. దానిలో రాసింది చదవలేకపోతేనే పేచీ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 46వ సెక్షన్ ప్రభుత్వ సంస్థలతోపాటు ప్రైవేటు సేవలకూ వర్తిస్తుంది. 2023లో నిబంధనలను సవరించి ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణాన్ని చేర్చారు. వెబ్ విషయంలో అది డబ్ల్యూసీఏజీ 2.1 అనే అంతర్జాతీయ వెబ్ మార్గదర్శకాలను అనుసరిస్తుంది. ఇలాంటి ప్రమాణాలు ఉత్త సిఫారసులుగా మిగిలితే కుదరదనీ, తప్పనిసరి నియమాలు చేయాలనీ 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్ నల్సార్ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రమే. డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో మరో తీర్పు వచ్చింది.

ఎంత కాంట్రాస్ట్ ఉండాలి?

కాంట్రాస్ట్ అంటే అక్షరం రంగుకూ దాని వెనుక రంగుకూ మధ్య వెలుగు నిష్పత్తి. మామూలు అక్షరాలకు 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1. పెద్దవంటే 24 పిక్సెళ్లు, బోల్డ్ అయితే సుమారు 18.7. ఫారం గడులు, అర్థాన్నిచ్చే ఐకాన్లకూ 3:1 కావాలి. తెలుపు మీద నలుపు 21:1, అంతకు మించి లేదు. 4.49 వస్తే తప్పినట్టే, రౌండాఫ్ కుదరదు. తెలుపు మీద 767676 కోడున్న బూడిదరంగు గట్టెక్కుతుంది, 777777 గట్టెక్కదు.

తెలుగుకూ అదే చాలా?

నిబంధన వరకు చాలు. నన్నడిగితే చాలదు. వత్తు అక్షరం కంటే చిన్నది, దాని గీత ఇంకా సన్నం. చిన్న సైజులో రంగు కాస్త వెలిసినా ముందు మాయమయ్యేది అదే. తెలుగు పాఠానికి పైస్థాయి ప్రమాణమైన 7:1 పెట్టుకోండి.

పాలెట్‌లో అన్ని రంగులకూ లైట్‌నెస్ 50 శాతమే ఇచ్చాం. అయినా కొన్ని ఎందుకు ఫెయిలవుతున్నాయి?

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. రంగును వర్ణం, గాఢత, లైట్‌నెస్‌లతో చెప్పే హెచ్‌ఎస్‌ఎల్ పద్ధతిలో పసుపుకూ నీలానికీ లైట్‌నెస్ 50 శాతమే. కానీ తెలుపు మీద పసుపు 1.07:1, నీలం 8.59:1. కాంట్రాస్ట్ సూత్రం లెక్కించేది కంటికి తోచే వెలుగును. అందులో ఆకుపచ్చ వాటా దాదాపు 72 శాతం, ఎరుపుది 21, నీలానిది 7. కాబట్టి మెట్లు కట్టాల్సింది ఆ వెలుగును బట్టి. అమెరికా ప్రభుత్వ డిజైన్ సిస్టమ్ చేసింది ఇదే. ప్రతి రంగుకూ 0 నుంచి 100 వరకు గ్రేడు ఇచ్చింది. రెండు రంగుల గ్రేడుల మధ్య తేడా 50 ఉంటే 4.5:1, 40 ఉంటే 3:1, 70 ఉంటే 7:1 దక్కుతాయి, అవి ఏ రంగులైనా సరే. డిజైనర్‌కు మిగిలేది తీసివేత లెక్కే. పాలెట్ ఇలా ఒకసారి కట్టుకుంటే ప్రతి బటన్ దగ్గరా వాదన ఉండదు.

బ్రాండు రంగుకు మినహాయింపు ఉందా?

లోగోకు ఉంది, పనిచేయని బటన్‌కూ ఉంది. కానీ అదే లోగో నారింజరంగును బటన్‌కు పూసి తెల్లక్షరాలు రాస్తే మినహాయింపు లేదు. నల్లక్షరాలు పెట్టండి, లేదా నారింజను ముదురు చేయండి.

తప్పులకు ఎరుపు, ఒప్పులకు ఆకుపచ్చ పెడితే సరిపోదా?

సరిపోదు. వర్ణాంధత్వం చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో లేదు. అయినా సమాచారం రంగు ఒక్కదానితోనే చెప్పకూడదని డబ్ల్యూసీఏజీ నియమం. ‘చెల్లింపు విఫలం’ అని మాటల్లో రాయండి.

ఎవరికి ఫిర్యాదు చేయాలి?

రాష్ట్రంలో దివ్యాంగుల కమిషనర్‌కు, కేంద్ర సంస్థలైతే ఢిల్లీలోని చీఫ్ కమిషనర్‌కు. చట్టాన్ని మొదటిసారి ఉల్లంఘిస్తే జరిమానా రూ.10,000 వరకు, ఆ తర్వాత రూ.50,000 నుంచి రూ.5 లక్షల వరకు. ఫిర్యాదులో స్క్రీన్‌షాట్, పేజీ చిరునామా, రెండు రంగుల కోడ్‌లు జతచేయండి. ‘కనిపించడం లేదు’ అని ఊరుకోకుండా ‘ఇక్కడ 2.3:1 ఉంది, 4.5:1 ఉండాలి’ అని రాయండి.