పదకొండు నెలల కాగితం

లింగంపల్లి స్టేషన్ బయట ఏ జిరాక్స్ షాపుకు వెళ్లినా కిరాయి అగ్రిమెంటు పది నిమిషాల్లో చేతికొస్తుంది. వంద రూపాయల స్టాంపు పేపరు, కంప్యూటర్లో ఎప్పటి నుంచో పడి ఉన్న మూడు పేజీల నమూనా. షాపతను కొత్తగా కొట్టేది ఓనరు పేరు, కిరాయిదారు పేరు, ఇంటి నంబరు, కిరాయి, అంతే. గడువు దగ్గరికొచ్చేసరికి అడగను కూడా అడగడు, 11 నెలలని కొట్టేస్తాడు. ఎందుకని అడిగితే "ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ కావాలి సార్, పదకొండైతే అక్కర్లేదు" అంటాడు. దానిమీద నోటరీ ముద్ర కూడా పడితే ఓనరు నిశ్చింతగా ఇంటిదారి పడతాడు.

షాపతను చెప్పింది ఢిల్లీలో అయితే సరిపోతుంది. మన దగ్గర సరిపోదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ఏడాదికి మించిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది, నిజమే. కానీ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో ఆ సెక్షన్‌ను రాష్ట్రం వరకు సవరించింది. ఏడాది లెక్క ఎత్తేసి స్థిరాస్తి లీజులన్నీ రిజిస్టర్ కావాల్సిందేనంది. ఆ సవరణ తెలంగాణకూ వారసత్వంగా వచ్చింది. కాబట్టి చందానగర్‌లో రెండో అంతస్తు పోర్షన్ పదకొండు నెలలకు ఇచ్చినా, నల్లగండ్లలో త్రీ బెడ్రూం ఫ్లాటు మూడేళ్లకు ఇచ్చినా చట్టం దృష్టిలో రెండూ ఒకటే.

అలాగని రిజిస్టర్ కాని కాగితం పూర్తిగా చిత్తు కాగితమూ కాదు. 49వ సెక్షన్ ప్రకారం అందులోని షరతులను కోర్టులో సాక్ష్యంగా చూపలేరు. ఏటా ఐదు శాతం కిరాయి పెంచుతానని రాసుకున్నారా, ఆరు నెలల లాకిన్ పెట్టుకున్నారా, వేరేవాళ్లకు ఇవ్వకూడదని రాయించారా, వివాదం వచ్చిన రోజు ఇవేవీ అక్కరకు రావు. కిరాయిదారు మీ ఇంట్లో ఏ హోదాలో ఉంటున్నాడన్న పక్క విషయానికి మాత్రం ఆ కాగితాన్ని చూడొచ్చు. ముఖ్యమైన షరతునే పక్క విషయమని దొడ్డిదారిన తేవడం కుదరదని సుప్రీంకోర్టు 2008లో తేల్చింది. స్టాంపు డ్యూటీ చాలకపోతే పరిస్థితి ఇంకా అధ్వానం. అప్పుడు ఆ పక్క విషయానికి కూడా పనికిరాదు. కోర్టు దాన్ని జప్తు చేసుకుని, తగ్గిన డ్యూటీతో పాటు దానికి పదిరెట్ల వరకు జరిమానా కట్టమంటుంది. వంద రూపాయల పేపరు మీద ఎంత ముచ్చటగా టైపు చేయించినా అది వంద రూపాయల డ్యూటీ కట్టినట్టే. నోటరీ ముద్ర సంతకాలు నిజమైనవని చెబుతుంది తప్ప రిజిస్ట్రేషన్‌కు బదులు కాదు.

లీజు రిజిస్ట్రేషన్ అనగానే సేల్ డీడ్‌కు కట్టే ఏడున్నర శాతం గుర్తొచ్చి చాలామంది వెనక్కి తగ్గుతారు. లీజు డ్యూటీ లెక్క వేరు. కిరాయి మొత్తం మీద చిన్న భాగమే. నలభై వేల కిరాయి వచ్చే ఇంటికి ఆ ఖర్చును ఇద్దరూ చెరి సగం పంచుకుంటే బ్రోకరుకిచ్చే కమీషన్‌తో పోల్చనవసరం కూడా లేదు. ఆ మాట ఎవరూ చెప్పరు, ఎందుకంటే బ్రోకరుకు పని తొందరగా తెమలాలి.

ఇక రెండో భయం. "పన్నెండేళ్లు ఉంటే ఇల్లు కిరాయిదారుదే అయిపోతుందట కదా?" ఈ ప్రశ్న కాలనీ సంక్షేమ సంఘం మీటింగుల్లో తప్పకుండా వినిపిస్తుంది. కాదు. మీ అనుమతితో ఇంట్లోకి వచ్చి, మీకు కిరాయి కడుతూ ఉన్నవాడు ఎన్నేళ్లున్నా ఓనరు కాలేడు. మిమ్మల్ని ఓనరుగా ఒప్పుకుని వచ్చినవాడు ఆ తర్వాత మీ హక్కును కాదనే వీలు సాక్ష్య చట్టమే ఇవ్వదు. ఈ భయంతోనే పదకొండు నెలలకోసారి మనుషుల్ని మార్చేవాళ్లను చూశాను. మంచి కిరాయిదారును పోగొట్టుకుని, ఇల్లు రెండు నెలలు ఖాళీగా పెట్టుకోవడం తప్ప దాంతో వచ్చేదేమీ లేదు. గృహజ్యోతి విషయంలోనూ ఇదే తంతు. రెండొందల యూనిట్ల ఉచిత కరెంటు కోసం కిరాయిదారు తన రేషన్ కార్డును మీటరు నంబరుకు జత చేయించుకుంటానంటే కొందరు ఓనర్లు ఉలిక్కిపడుతున్నారు. కరెంటు బిల్లు రాయితీతో ఇంటి మీద హక్కు రాదు. భయం లేకుండా ఇవ్వొచ్చు.

మూడో భయం రెంట్ కంట్రోల్ చట్టం. 1960 నాటి ఆ చట్టం పేరు చెప్పి బెదిరించే కిరాయిదారులు ఇప్పటికీ ఉన్నారు. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయి ఇళ్లు దాని పరిధిలోంచి బయటికొచ్చాయి. కట్టి పదిహేనేళ్లు నిండని భవనాలకూ అది వర్తించదు. ఐటీ కారిడార్ పక్కన 3,500కు ఇప్పుడు స్కూటర్ పార్కింగ్ కూడా దొరకదు. అంటే లింగంపల్లి, గోపన్‌పల్లి, తెల్లాపూర్ ఇళ్ల మీద దాదాపుగా నడిచేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే. కేంద్రం 2021లో ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్‌లో రెండు నెలల అడ్వాన్సు పరిమితి ఉందని కొందరు చెబుతుంటారు. అది నమూనా మాత్రమే. రాష్ట్రం చట్టంగా చేసుకుంటే తప్ప మీ ఇంటికి దానంతటది వర్తించదు. రెండు నెలల అడ్వాన్సన్నది మన దగ్గర ఎటూ వాడుకలో ఉన్నదే.

ఖాళీ చేయించడం ఎలా? బీహెచ్‌ఈఎల్‌లో రిటైరైన ఒకాయన కింద తానుంటూ పై రెండు పోర్షన్లు కిరాయికి ఇచ్చాడనుకుందాం. పైవాళ్లు నాలుగు నెలలుగా డబ్బులివ్వడం లేదు. ఆయన చేయాలనిపించే మొదటి పని మోటారు ఆపేయడం, రెండోది వాళ్లు ఆఫీసుకు వెళ్లాక తాళం మార్చడం. రెండూ వద్దు. తాళం మార్చిన మరుక్షణం తప్పు ఆయన వైపు మళ్లుతుంది. చట్టప్రకారం కాకుండా బయటికి నెట్టేసిన మనిషి ఆరు నెలల్లోపు దావా వేస్తే, ఇల్లు ఎవరిదన్న ప్రశ్న జోలికి పోకుండానే కోర్టు అతన్ని మళ్లీ లోపలికి పంపగలదు. బాకీ ఉన్నవాడు తాళంచెవులు చేత పట్టుకుని తిరిగొస్తాడు.

ఆయన చేయాల్సింది పదిహేను రోజుల నోటీసు. నెలసరి కిరాయికి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ అడిగేది అదే. రాతపూర్వకంగా, సంతకంతో, పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటు పెట్టి పంపాలి. వాట్సాప్‌లో "ఈ నెలాఖరుకు ఖాళీ చేయండి" అని పెట్టి అదే నోటీసనుకుంటే కేసు మొదట్లోనే చిక్కు పడుతుంది. నెల సరిగ్గా ఏ తేదీతో ముగియాలన్న పాత సాంకేతిక చిక్కులను 2003 సవరణ చాలావరకు తీసేసింది. నోటీసు ఇచ్చాక వాళ్లు డబ్బు పంపితే తీసుకోవచ్చు, కానీ అది కిరాయిగా కాదని, ఇల్లు వాడుకున్నందుకు పరిహారంగా తీసుకుంటున్నానని ఒక్క ముక్క రాసి పంపాలి. లేకపోతే నోటీసు మీరే వదులుకున్నారని అవతలి లాయరు వాదిస్తాడు. గడువు దాటాక సివిల్ కోర్టు. దానికన్నా ముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టి లోక్ అదాలత్‌లో కూర్చోబెట్టే దారి ఒకటుంది. అక్కడ కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. వివరాలకు 15100 నంబరుంది.

రాతలో పెట్టాల్సినవాటిలో ఒకటి మాత్రం ఇక్కడి ఓనర్లు తప్పకుండా తెలుసుకోవాలి. వద్దని ఒప్పందంలో లేకపోతే కిరాయిదారు ఇంటిని ఇంకొకరికి కిరాయికి ఇచ్చుకోవడాన్ని ఆస్తి బదిలీ చట్టం ఒప్పుకుంటుంది. కుటుంబం ఉంటుందని ఇచ్చిన ఫ్లాటు ఏడాది తిరిగేసరికి ఆరు మంచాల పీజీగా మారడం మన దగ్గర కొత్తేమీ కాదు. వద్దని రాయించుకోవాలి, ఆ రాత రిజిస్టర్ కావాలి. మొదటి పేరా నుంచి నేను మొత్తుకుంటున్నది ఇందుకే.

కొత్తవాళ్లను దింపుకునేటప్పుడు ఆధార్ జిరాక్స్ తీసుకోవడంతో సరిపెట్టకుండా వివరాలు పోలీసులకు తెలియజేయడం మంచిది. సెంట్రల్ యూనివర్సిటీ పక్కనే ఉండటంతో విదేశీ విద్యార్థులు గదులకోసం అడుగుతుంటారు. వాళ్లకు ఇస్తే చేరిన 24 గంటల్లో నిర్ణీత ఫారం ఆన్‌లైన్‌లో నింపడం ఓనరు బాధ్యత. ఇది సలహా కాదు, చట్టం.

కిరాయి నెలకు యాభై వేలు దాటితే కిరాయిదారు రెండు శాతం టీడీఎస్ కోయాలి. 2024 అక్టోబరుకు ముందు ఐదు శాతం ఉండేది. అది మీ పాన్ మీద జమవుతుంది కాబట్టి గొడవ పడాల్సిన పనిలేదు. ఇల్లు అమెరికాలో ఉన్న కొడుకు పేరు మీద ఉంటే మాత్రం కథ మారుతుంది. అప్పుడు యాభై వేల పరిమితి లేదు, ముప్పై శాతం పైనే కోయాలి. అమ్మానాన్నలు ఖాతాలో కిరాయి వేయించుకున్నంత మాత్రాన ఆ ఆదాయం వాళ్లది కాదు.

అమ్మేవాళ్ల సంగతికి వస్తాను. 1999 సవరణ సేల్ అగ్రిమెంటును కూడా రిజిస్టర్ చేయాల్సిన పత్రాల జాబితాలో చేర్చింది. మనవాళ్లు తెల్లకాగితం మీద బయానా రాసుకుని చేతులు కలుపుతారు. తర్వాత మూడు నెలల్లో పక్క అపార్ట్‌మెంటులో గజం ధర పెరిగిందని తెలిసి, బయానా తిరిగిచ్చేసి తప్పుకోవచ్చనుకుంటారు. 2018 వరకు ఒప్పందాన్ని అమలు చేయించాలా, డబ్బు ఇప్పించాలా అన్నది చాలావరకు జడ్జి విచక్షణ. ఆ ఏడాది స్పెసిఫిక్ రిలీఫ్ చట్టాన్ని మార్చాక ఆ వెసులుబాటు పోయింది. కొనేవాడు తన వంతు నెరవేర్చడానికి సిద్ధంగా ఉన్నానని రుజువు చేస్తే, మీ చేత రిజిస్ట్రేషన్ చేయించే అవకాశమే ఎక్కువ. దావాకు మూడేళ్ల గడువుంటుంది. కాబట్టి మిగతా డబ్బు ఏ తేదీలోపు ఇవ్వాలి, ఇవ్వకపోతే బయానా ఏమవుతుంది, అన్నది సంతకానికి ముందే తేల్చుకోండి.

ఆ బయానా నగదుగా ఇరవై వేలు, అంతకు మించి తీసుకోకూడదు. తీసుకుంటే ఎంత తీసుకున్నారో అంత జరిమానా, అది కూడా తీసుకున్నవాడి మీదే. అంటే మీ మీద. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇంకో మెలిక పెట్టింది. ఆస్తి ఒప్పందంలో రెండు లక్షలు, ఆ పైన నగదు ఇచ్చినట్టు దావాలో కనిపిస్తే కోర్టే ఆదాయపన్ను శాఖకు కబురు పంపాలి. సగం వైట్, సగం బ్లాక్ అనే పాత పద్ధతిలో కొనేవాడికి స్టాంపు డ్యూటీ మిగలొచ్చు. అమ్మేవాడికి మిగిలేది బ్యాంకులో వేయలేని నోట్లకట్ట. సర్కారు మార్కెట్ విలువకన్నా పది శాతం మించి తక్కువకు రాస్తే, రాని డబ్బు మీద కూడా క్యాపిటల్ గెయిన్స్ లెక్క కడతారు.

రెండేళ్లు దాటిన ఇంటి మీద లాభానికి ఇప్పుడు పన్నెండున్నర శాతం పన్ను. 2024 జులై 23కు ముందు కొన్న ఇల్లయితే, ఇక్కడే నివసించేవాళ్లు పాత పద్ధతిలో ఇండెక్సేషన్‌తో ఇరవై శాతం లెక్క వేసుకుని ఏది తక్కువైతే అది కట్టొచ్చు. 2003లో ఎంఎంటీఎస్ వచ్చిన కొత్తలో కొని ఇప్పుడు అమ్మేవాళ్లు రెండూ వేసి చూడాలి. లాభంతో రెండేళ్లలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా మినహాయింపు ఉంది. ఎన్నారై అమ్మితే కొనేవాళ్లు చాలాసార్లు లాభం మీద కాక మొత్తం ధర మీద టీడీఎస్ కోసేస్తారు. తక్కువ కోయమనే సర్టిఫికెట్ కోసం ఆదాయపన్ను శాఖకు ముందే దరఖాస్తు పెట్టుకోవాలి. రిజిస్ట్రేషన్ స్లాట్ బుక్ చేశాక గుర్తొస్తే లాభం లేదు. విదేశంలో రాసిన జీపీఏకు కూడా ఇక్కడికి చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి.

కొనేవాళ్ల లాయరు అడిగేవి మీరే ముందు తీసి చూసుకోండి. లింకు డాక్యుమెంట్లు, ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, పన్ను రసీదు. 2024లో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా వచ్చాక చెరువు పక్కన ఎక్కడున్నా ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తి నీటిమట్టం), బఫర్ జోన్ గురించి అడక్కుండా ఎవరూ అడ్వాన్సివ్వడం లేదు. ఈసీలో అందరూ తడబడేది ఒకచోట. హోం లోన్ ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, కానీ బ్యాంకు పేరిట రిజిస్టరైన డిపాజిట్ ఆఫ్ టైటిల్ డీడ్స్ మాత్రం అలాగే కనిపిస్తూ ఉంటుంది. రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయిస్తేనే అది పోతుంది. అసలు పత్రాలను బ్యాంకు అప్పు తీరిన ముప్పై రోజుల్లో ఇవ్వాలి. దాటితే రోజుకు ఐదు వేలు పరిహారం. 2023 డిసెంబరు నుంచి ఆర్బీఐ నిబంధన ఇది, అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇంట్లో కిరాయిదారు ఉండగానే అమ్మితే, ఇల్లు అమ్ముడుపోయిందన్న కారణంతో అతను ఖాళీ చేయాల్సిన పనిలేదు. కొన్నవారు మీ స్థానంలోకి వస్తారు, అంతే. ఖాళీ చేయించి అప్పగిస్తానని మాటిచ్చేముందు ఆ పదిహేను రోజుల నోటీసు సంగతి, లీజులో ఇంకా ఎంత గడువుందో చూసుకోండి. అడ్వాన్సు ఎంతుందో సేల్ డీడ్‌లో రాయించి కొత్త ఓనరుకు ఇచ్చేయండి. ఆరోజే కిరాయిదారుకు ఒక ఉత్తరం ఇవ్వండి. కొత్త ఓనరు పేరు, బ్యాంకు ఖాతా, బదిలీ చేసిన అడ్వాన్సు, ఆనాటి కరెంటు మీటరు రీడింగు, కింద పాత ఓనరు, కొత్త ఓనరు ఇద్దరి సంతకాలు. ఒకటో తారీఖున ఫోన్‌పే ఎవరికి కొట్టాలో అతనికి తెలుస్తుంది. పాత ఓనరు ఫోను మోగదు.