బ్యాటరీ ఆయుర్దాయం

జర సజీవులకే గాని జడపదార్థాలకు లేదని మన ఊహ. వస్తువులు వాడితే అరుగుతాయి. దాచిపెడితే పదిలంగా ఉంటాయి. ఈ నియమం లిథియం అయాన్ బ్యాటరీకి వర్తించదు. సెల్‌ఫోను మొదలుకొని విద్యుత్ ఆటో వరకు శక్తినందించే ఈ సాధనం బీరువాలో దాచినా ముసలిదవుతుంది.

దీనికి 1970వ దశకంలో విట్టింగ్‌హామ్ బీజం వేశారు. 1980లో గుడినఫ్ కోబాల్టు ఆక్సైడును ధనధ్రువంగా నిలిపారు. 1985లో అకిరా యోషినో ఋణధ్రువానికి కర్బన పదార్థాన్ని వాడి దానిని సురక్షితం చేశారు. 1991లో సోనీ సంస్థ విపణిలోకి తెచ్చింది. ఈ ముగ్గురికీ 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. అప్పటికి గుడినఫ్ వయస్సు 97 సంవత్సరాలు. వార్ధక్యాన్ని గురించిన పాఠంలో ఈ సంగతి స్మరించదగినది.

ఛార్జి చేసినప్పుడు లిథియం అయాన్లు ధనధ్రువాన్ని వీడి, విద్యుద్విశ్లేష్య ద్రవం గుండా పయనించి, గ్రాఫైటు పొరల నడుమ చేరుతాయి. వాడినప్పుడు స్వస్థానానికి మరలుతాయి. మొట్టమొదటి ఛార్జిలోనే ఆ ద్రవం కొంత విచ్ఛిన్నమై గ్రాఫైటుపై ఒక పలుచని పొర ఏర్పడుతుంది. ఈ పొర లేనిదే బ్యాటరీ మనజాలదు. ద్రవం మరింత విచ్ఛిన్నం కాకుండా అడ్డుకొనేది అదే. అయితే ఆ కవచమే క్రమంగా మందమై, రాకపోకలు సాగించవలసిన లిథియాన్ని తనలో బంధిస్తుంది. కంచే చేను మేసినట్లన్నమాట! పొర మందమయ్యేకొద్దీ ద్రవం దానిని దాటడం కష్టమవుతుంది గనుక నష్టం కూడా నెమ్మదిస్తుంది. అందుచేత శాస్త్రజ్ఞులు ఈ నష్టాన్ని కాలం యొక్క వర్గమూలానికి అనులోమంగా లెక్కిస్తారు. మొదటి సంవత్సరంలో 4 శాతం సామర్థ్యం పోయిందనుకొందాం. నాలుగు సంవత్సరాలకు మొత్తం పోయేది 16 శాతం కాదు, 8 శాతమే.

ఉష్ణోగ్రత పెరిగితే ఈ చర్య వేగం హెచ్చుతుంది. పది డిగ్రీలకు సుమారు రెట్టింపని ఒక స్థూల సూత్రం. రామగుండం, రెంటచింతల వంటి చోట్ల వేసవి మధ్యాహ్నం, నిండా ఛార్జి చేసిన వాహనాన్ని ఎండలో నిలిపితే దాని ఆయువును కరిగించినట్లే. చలిలో త్వరత్వరగా ఛార్జి చేయడం మరొక అపచారం. అప్పుడు లిథియం గ్రాఫైటులోనికి చొరలేక పైననే లోహంగా పేరుకొంటుంది.

తొలి సామర్థ్యంలో ఇప్పుడు ఎంత శాతం మిగిలిందో అదే బ్యాటరీ ఆరోగ్యం. వాహనాల విషయంలో 80 శాతాన్ని హద్దుగా భావించడం పరిపాటి. కానీ ఆ సంఖ్యను తెలుసుకోవడమెట్లా? కోశాన్ని విప్పి చూడలేము. వైద్యుడు నాడిని బట్టి రోగిని తెలుసుకొన్నట్లు వోల్టేజీ, విద్యుత్ ప్రవాహం, ఉష్ణోగ్రతలను బట్టి ఊహించవలసిందే. నిండా ఛార్జి చేసి, పూర్తిగా ఖాళీ చేసి కొలవడం నమ్మదగిన పద్ధతి. అయితే గంటలు పడుతుంది. భారం పడిన క్షణాన వోల్టేజీ ఎంత పడిపోయిందో చూసి అంతర్నిరోధాన్ని గణించడం త్వరితమైన మార్గం.

వర్గమూల సూత్రాన్నే నమ్మి కూర్చోవడం ప్రమాదం. చాలా కాలం నెమ్మదిగా క్షీణించిన బ్యాటరీ ఒక దశలో హఠాత్తుగా కుప్పకూలవచ్చు. 2019లో 'నేచర్ ఎనర్జీ' పత్రికలో ఒక పరిశోధన వెలువడింది. అందులో పరీక్షించిన 124 కోశాలలో కొన్ని 150 ఆవృత్తులకే 80 శాతానికి దిగజారగా, మరికొన్ని 2300 వరకు నిలిచాయి. తొలి వంద ఆవృత్తుల వోల్టేజీ వక్రరేఖలలోని సూక్ష్మభేదాలను గ్రహించి, గణనయంత్రం ఈ ఆయువులను దాదాపు 9 శాతం దోషంతో ముందే చెప్పగలిగింది. వాటిలో అధికభాగానికి అప్పటికి సామర్థ్యం తగ్గిన జాడయే లేదు!

అప్పుచేసి పాత విద్యుత్ ఆటోను కొనే వ్యక్తికి ఈ సంఖ్య జీవనాధారానికి సంబంధించినది. బండి తళతళలాడవచ్చు, బ్యాటరీ కూలిపోయే దశకు చేరి ఉండవచ్చు. ఆ లెక్క తయారీదారు అమర్చిన యంత్రాంగంలోనే దాగి ఉంటే కొనేవానికి దిక్కేది? ఐరోపా సమాఖ్య 2023లో చేసిన బ్యాటరీ చట్టం ప్రకారం, 2024 ఆగస్టు 18 నుండి విద్యుత్ వాహనాల బ్యాటరీల ఆరోగ్యాన్ని నిర్ణయించే వివరాలను చదువుకొనే అవకాశం కొన్నవారికి కల్పించవలసి ఉంది.